వెనక వరసలో తొమ్మిది డీజిళ్ళు

డిసెంబర్ 2

ఉదయం సున్నాకి పదకొండు డిగ్రీలు కింద. గాలి లేదు. మధ్యాహ్నానికి తొమ్మిది బళ్ళూ దిగాయి. అన్నీ చిన్న తరగతి పికప్‌లే, అన్నీ డీజిలే. నాలుగు తెల్లవి, రెండు ఎర్రవి, రెండు బూడిద రంగువి, ఒకటి నీలం. ముందు వరస నిండా పెట్రోల్ బళ్ళున్నాయి. వీటిని వెనక, కంచె వారన నిలబెట్టించాను.

లవాన్ కోటు బొత్తాలు పెట్టుకోకుండానే బయటికొచ్చి లెక్క చూసుకుంది. భర్త కర్ట్ పోయి మూడేళ్ళు. అప్పట్నించి షోరూం భారం ఆమెదే.

“తొమ్మిదీ మీ మాట మీదే తెప్పించాను, నార్వల్ గారూ. ఏప్రిల్ ఒకటికి సగమైనా కదలకపోతే బిల్లింగ్స్ వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టేస్తాను. ఇంక నావల్ల కాదు.”

“సగమేంటి, తొమ్మిదీ పోతాయి” అన్నాను.

“మా ఆయనా ఇలాగే అనేవాడు” అని లోపలికి పోయింది.

బిల్లింగ్స్ పట్నంలోని పెద్ద డీలర్లకి కావలసింది కంపెనీ బళ్ళు అమ్మే మా హక్కు. ఊరూ రిపేరు షెడ్డూ వాళ్ళకి అక్కర్లేదు. పక్క కౌంటీలో ఇలాగే ఒక షోరూం కొన్న నెలకే తాళం వేశారు. ఇక్కడ తాళం పడితే ట్రాక్టరు పట్టీ తెగినా తొంభై మైళ్ళు పోవాలి. నేనెక్కడికి పోవాలో తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇక్కడే బళ్ళు అమ్ముతున్నాను.

డిసెంబర్ 3

కంపెనీ ఉత్తరం మళ్ళీ చదివాను. పెద్ద పికప్‌లలో డీజిల్‌కి ఢోకా లేదు. చిన్నవాటిలో ఉంచాలా తీసెయ్యాలా అన్నది మార్చి ఆఖరుకు తేలుస్తారట. ఎన్ని అమ్మారు, ఎన్ని రిపేరుకు వచ్చాయి, ఈ రెండూ చూస్తారట.

పట్నం వాళ్ళు వీటిని కొనరు, నిజమే. కానీ ఇక్కడ ప్రతి పశువుల కొట్టం పక్కనా సొంత డీజిల్ ట్యాంకుంది. ఒక్క ట్యాంకుతో గ్రేట్ ఫాల్స్ పోయి రావచ్చు. ఇవి అమ్ముడుపోగలిగితే మా హైలైన్ మీదే, ఈ ఉత్తరపు రైలుదారి ఊళ్ళలోనే, అమ్ముడుపోవాలి. ఇక్కడ పోకపోతే దేశంలో ఎక్కడా పోవు.

డిసెంబర్ 5

సున్నాకి పంతొమ్మిది కింద. వెనక వరసలో కరెంటు లేదు, ఇంజన్లను ప్లగ్గుతో వెచ్చబెట్టే వీల్లేదు. కొనేవాడొచ్చి తాళం తిప్పినప్పుడు బండి మొరాయిస్తే అంతే సంగతులు. మా నాన్న నవంబరులో తాళం తిప్పితే మార్చిలో ఆపేవాడు. చలిలో ఆగిన డీజిల్ చచ్చిన డీజిల్ అనేవాడు.

తొమ్మిదీ స్టార్ట్ చేసి ఉంచాను. ఉదయం నలభై నిమిషాలు, సాయంత్రం నలభై.

డిసెంబర్ 6

తొమ్మిదీ. నలభై, నలభై.

డిసెంబర్ 9

తొమ్మిదీ. ఎవరూ రాలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళకి వెనక వరస పొగైనా కనపడుతుంది. బతికే ఉన్నామని తెలుస్తుంది.

డిసెంబర్ 17

సున్నాకి ఇరవై ఆరు కింద. తొమ్మిదీ ఆడుతుండగా ఈవెర్ట్ వచ్చాడు. ఒకటో తరగతి నుంచీ మేమిద్దరం ఒకే బెంచీ. నూట అరవై ఆవులున్నవాడు, ఒక్క బండి కొనడానికి మూడేళ్ళు ఆలోచిస్తాడు.

“ఏరా, శవాలకి ఊపిరి పోస్తున్నావా?”

“ఎక్కి కూచో. శవమో కాదో తెలుస్తుంది.”

నీలంది ఎక్కాడు. యాక్సిలరేటర్ నొక్కాడు. మొహం మీద నవ్వు రాకుండా ఆపుకున్నాడు, నేను చూశాను.

“శబ్దం బానే ఉంది. నీకంటే నయం.”

“తీసుకో మరి.”

“నీ మాటకి పూచీ ఎవడు?”

“నేనే.”

“అదేరా భయం” అని దిగిపోయాడు. మళ్ళీ వస్తాడు.

డిసెంబర్ 28

తెల్లవాటిలో రెండింటికి స్టీరింగు ముందు పసుపు హెచ్చరిక దీపం వెలిగింది. కొత్త బళ్ళు కదా, చలికి ఎలక్ట్రానిక్స్ అలుగుతాయి. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఒకదానికి పోయింది.

జనవరి 2

వాళ్ళమ్మకి ఆపరేషనని ఊరెళ్ళిన రెనిక్ వచ్చాడు. షెడ్డులో ఉన్న ఏకైక డీజిల్ మెకానిక్కు అతనే. దీపం వెలిగిన బండికి మిషను తగిలించి చూసి, నా దగ్గరికొచ్చి కాళ్ళు బార్లా చాపి కూచున్నాడు.

“పెద్దాయనా, ఒకటడుగుతా. ఈ బండి పుట్టినప్పట్నించీ తిరిగింది పద్నాలుగు మైళ్ళు. ఇంజన్ ఆడింది ముప్ఫై ఆరు గంటలు. ఎవరు నడిపారు, ఎక్కడికి?”

“ఎక్కడికీ లేదు. వెచ్చబెడుతున్నా.”

“రోజూనా?”

“రెండు పూటలా.”

టోపీ తీసి తల గోక్కున్నాడు. “ఇది మీ నాన్నగారి బండి కాదండీ. దీని పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరుంది. రోడ్డు మీద గట్టిగా తోలితే ఆ వేడికి మసి కాలిపోతుంది. నిలబెట్టి ఆడిస్తే కాలదు, పేరుకుంటుంది. కాల్చాలని ఇంజను ఇంకాస్త డీజిల్ పోస్తుంది, అది దిగి ఆయిల్లో కలుస్తుంది. మీరు రెండు పూటలా వీటి గొంతు నులుముతున్నారు.”

“మరి చలికి గడ్డకట్టి చస్తే?”

“చావవు. చచ్చినా నేను లేపుతా. ఇలా చంపితే మాత్రం లేపలేను.”

దీపం వెలిగిన రెండింటినీ గంటసేపు రెండో నంబరు రోడ్డు మీద తోలుకొచ్చాడు. దీపాలు పోయాయి. పోయాయంటే అంత పెద్ద రోగమేమీ కాదన్నమాట.

జనవరి 3

స్టార్ట్ చెయ్యలేదు.

జనవరి 4

సున్నాకి ముప్ఫై నాలుగు కింద. చెస్టర్ నుంచి ఒకాయన వచ్చాడు. ఎర్రదాని ఇంజను తిరగలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. “మళ్ళీ వస్తాలెండి” అన్నాడు. అలా అన్నవాడు రాడు.

జనవరి 5

తొమ్మిదీ. ఇరవై నిమిషాలే. రెనిక్ ఎనిమిదింటికి వస్తాడు. నేను ఏడింటికే వెళ్తున్నాను.

జనవరి 8

తొమ్మిదీ. ఇరవై సరిపోవడం లేదు. నలభై.

జనవరి 15

తొమ్మిదీ. ఆర్డిస్ అడిగింది: “రోజూ ఏం రాస్తావయ్యా అందులో? పెళ్ళాం మీద చాడీలా?” వాతావరణం రాస్తున్నానన్నాను. “అయితే చదవక్కర్లేదు, కిటికీ ఉందిగా” అంది.

జనవరి 20

ఈవెర్ట్ నీలంది కొన్నాడు!

తొమ్మిదింటికే వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. బండి అప్పజెప్పే ముందు ముప్ఫై మైళ్ళు తోలి చూసి మెకానిక్కు సంతకం పెట్టాలి. రెనిక్ తాళాలందుకున్నాడు. నేను షెడ్డులోకెళ్ళి ఆపాను.

“వాడు మూడేళ్ళకి ఒక్కసారి మనసు మార్చుకుంటాడు. ఈ గంటలో మళ్ళీ మార్చుకుంటే? దీపం వెలగడం లేదుగా. పెట్టెయ్.”

“మళ్ళీ ఆడిస్తున్నారా?”

“లేదు.”

నా మొహంలోకి చూశాడు. సంతకం పెట్టాడు.

లవాన్ కేకు తెప్పించింది. ఈవెర్ట్ రెండు ముక్కలు తిని, మూడోది ఇంటికని రుమాల్లో చుట్టుకుపోయాడు.

జనవరి 29

కౌంటీ రోడ్ల శాఖ వాళ్ళు రెండు తెల్లవి తీసుకున్నారు. మూడయ్యాయి. ఇంకో రెండు పోతే సగం దాటినట్టు. మిగతా ఆరూ స్టార్ట్ చేశాను.

ఫిబ్రవరి 6

ఈవెర్ట్ హావర్ ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణభయం లేదు.

ఫిబ్రవరి 7

తెలిసినంత వరకు రాస్తాను.

నిన్న ట్రైలర్లో ఎద్దును ఎక్కించుకుని వేలానికి బయల్దేరాడు. సున్నాకి ఇరవై తొమ్మిది కింద, గాలి నలభై మైళ్ళు. బేర్ పా కొండ దారిలో బండి బలం పోయింది. ముందు ఇరవై మైళ్ళ వేగానికి పడింది, తర్వాత అయిదుకి, తర్వాత ఇంజను ఆగింది. హీటరూ ఆగింది. అక్కడ ఫోను అందదు. మంచులో బండి వదిలి నడవకూడదని ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. గంటన్నర కూచున్నాడట. ఎవరూ రాలేదు. ఎద్దు ట్రైలర్ని గుద్దుతుంటే తలుపు గడియ సరిచెయ్యడానికి దిగి, చేతి తొడుగు తీశాడు. అది గాలికి ఎగిరిపోయింది. ఆ తర్వాత ఒకటింబావు మైలు నడిచి ఒక ఇంటి తలుపు తట్టాడు.

ఎడమ చెయ్యి. రెండు వేళ్ళు తీసేశారు. మూడోది చూద్దామంటున్నారు. ఎద్దు బతికింది.

ఇవాళ ఎవర్నీ స్టార్ట్ చెయ్యలేదు. ఎవర్నీ అని రాశాను. వేటినీ.

ఫిబ్రవరి 9

ఆసుపత్రికి వెళ్ళాను. చెయ్యి కట్టు కట్టి పైకి వేలాడదీశారు.

“రారా. పువ్వులు తెచ్చావా, ఇంకో బండి తెచ్చావా?”

కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూచున్నాను.

“ఏడుపు మొహం పెట్టకు. నువ్వేం చేస్తావు? నువ్వు ఇంజను తయారుచేశావా? ఆ మిషిగన్ కంపెనీ వెధవలు మన చలి ఎప్పుడైనా చూశారా? డీజిల్ పెద్ద బండికే సరి. చిన్న బండికి పెట్టడం కోడికి జీను కట్టినట్టు.” రొప్పాడు. “నీ మీద నాకేం లేదు. ఆ మాట ముందే చెప్తున్నా. రాత్రుళ్ళు నిద్ర మానుకుంటావని.”

చెబుదామనే వెళ్ళాను. నర్సు వచ్చింది.

నర్సు వచ్చి రెండు నిమిషాల్లో వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 13

నీలంది లాక్కొచ్చారు. ఫిల్టరు రాయిలా బిగిసిపోయింది. ఆయిల్లో సగం డీజిలే. రోడ్ల శాఖ బళ్ళలో ఒకటి కూడా వచ్చింది. రెనిక్ నాతో మాట్లాడటం లేదు. పని చేసుకుంటున్నాడు.

ఫిబ్రవరి 18

హోటల్లో పొద్దుటి కాఫీ బల్ల దగ్గర అందరూ ఈవెర్ట్ వేళ్ళ గురించే. చిన్న డీజిల్ పేరెత్తితే నవ్వుతున్నారు. నేను కాఫీ ఇంట్లోనే తాగుతున్నాను.

ఫిబ్రవరి 24

కంపెనీ తరఫున ప్రూయెట్ అనే ఆమె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. గట్టిగా మాట్లాడదు. అన్ని బళ్ళకీ మిషను తగిలించి అంకెలు రాసుకుంది. తర్వాత లవాన్ గదిలో నలుగురం కూచున్నాం.

“అమ్మకుండా ఉన్నవాటిలో చాలావరకు ముప్ఫై మైళ్ళు కూడా తిరగలేదు. ఒక్కోటి డెబ్భై, ఎనభై గంటలు నిలబడి ఆడింది. ఇది ఇంజను లోపం కాదు, ఇక్కడి చేతుల లోపం. అయితే ఒకరి పొరపాటని తేలి, మీరు చర్య తీసుకున్నారని రాసిస్తే మరమ్మతు ఖర్చు కంపెనీ పెట్టుకునేలా చూస్తాను. లేదంటే మీరే.”

మేము పెట్టుకోలేం. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

“షెడ్డు నీ బాధ్యత కదా, రెనిక్?” అంది లవాన్. “ఈవెర్ట్ బండి తోలి చూశానని సంతకం కూడా నీదే ఉంది. వీటిని ఆడించింది ఎవరు?”

రెనిక్ నావైపు చూశాడు. గోడ గడియారం ఉంది కాబట్టి చెప్పగలను, నిమిషం పైనే.

“సంతకం నాదేనమ్మా” అన్నాడు. “షెడ్డూ నాదే.”

లవాన్ నన్ను అడగలేదు.

ఫిబ్రవరి 25

నన్ను ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 27

రెనిక్‌ని పనిలోంచి తీసేశారు. పనిముట్ల పెట్టె తీసుకుపోయాడు. నేను తలుపు పట్టుకున్నాను. “థాంక్సండీ” అన్నాడు.

అతనికి ముప్ఫై నాలుగు. స్పానరు పట్టుకునేవాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది. నాకు అరవై రెండు. చెప్పి ఉంటే షోరూం ఒక్కరోజు కూడా నిలిచేది కాదు. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

మార్చి 3

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే రాయనట్టు అవుతుంది. ఉండనీ.

మార్చి 11

ఎవరూ రాలేదు. బళ్ళు ఆరు. ఫిల్టర్లు మార్చి, ఆయిల్ మార్చి, గ్రేట్ ఫాల్స్ నుంచి వచ్చిన మనిషి తోలి చూపించి వెళ్ళాడు. అన్నీ బాగున్నాయి. నిక్షేపంలా ఉన్నాయి.

మార్చి 19

కంపెనీ ఉత్తరం వచ్చింది. చిన్న పికప్‌లో డీజిల్ ఆపేస్తున్నారు. ఆగస్టు తర్వాత ఆ ఇంజను తయారుకాదు. కారణాలు రెండు రాశారు: పొగ శుభ్రం చేసే సామగ్రికయ్యే ఖర్చు, కొనేవాళ్ళలో నూటికి నలుగురైనా అడగకపోవడం. నిర్ణయం కిందటి అక్టోబరులోనే జరిగిందట, ప్రకటన ఇప్పుడట.

అక్టోబరు. అప్పటికి మా బళ్ళు రైలు కూడా ఎక్కలేదు. మార్చి ఆఖరుకు తేలుస్తామని ఉత్తరం రాసినప్పటికే తేల్చేసి ఉన్నారు. మేము తొమ్మిదీ అమ్మినా, తొమ్మిదీ తగలబెట్టినా తేడా లేదు.

రెనిక్ పోవడం వల్ల కూడా తేడా లేదు.

మార్చి 22

నార్త్ డకోటా నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చారు. “ఇంక తయారుచెయ్యరట కదా, ఉన్నవి ఇచ్చెయ్యండి” అని బూడిద రంగువి రెండూ తోలుకుపోయారు. బేరం కూడా ఆడలేదు.

మార్చి 26

ఎర్రవి రెండూ పోయాయి. ఒకటి వయోమింగ్‌కి, ఒకటి చెస్టర్‌కి. మళ్ళీ వస్తానన్న ఆయనే.

“ఇంక రావంటే ఎగబడుతున్నారు! ఉన్నప్పుడు ఒక్కడూ ఇటు చూళ్ళేదు” అని లవాన్ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. బిల్లింగ్స్ కాగితం చింపేసింది. “మీరు అన్నట్టే అయింది, నార్వల్ గారూ. సిగ్గుగా ఉంది నాకు, మిమ్మల్ని అనుమానించినందుకు.”

ఇంట్లో అన్నం ముట్టలేదు. ఆర్డిస్ పళ్ళెం తీసేసి ఎదురుగా కూచుంది. “షోరూం నిలబడిందిగా. ఇంకేమిటయ్యా?” చెప్పాను. మొదట్నించీ చెప్పాను. ఆమె లేచి పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గర నిలబడింది.

“ఆ పిల్లాడు వాళ్ళమ్మ ఆసుపత్రి నుంచి రాగానే వచ్చాడు పనికి” అంది.

మార్చి 27

రెనిక్‌కి ఫోన్ చేశాను. గ్రేట్ ఫాల్స్‌లో పెట్రోల్ బళ్ళు చేస్తున్నాడు. వెనక హోరు వినిపిస్తోంది.

“నేను చెప్పాల్సింది, రెనిక్. ఆ గదిలో నేను—”

“నాకెందుకు చెప్తున్నారండీ? నాకు తెలుసుగా. తెలియనివాళ్ళకి చెప్పండి.”

“నీకు కోపం లేదా?”

“ఉంది” అన్నాడు. “పనుంది, ఉంటా.”

మార్చి 28

లవాన్‌కి చెప్పాను. మొత్తం విన్నది. ముందు నవ్వింది, పరిహాసమనుకుని. తర్వాత గాజు తలుపు మూసింది.

“ఆ గంటలు మీవా?”

“నావే.”

“సంతకం?”

“నేనే పెట్టమన్నాను. మళ్ళీ ఆడిస్తున్నారా అని అడిగాడు. లేదన్నాను.”

“నేనతనికి మంచి మాట కూడా రాసివ్వలేదు” అంది. “నిర్లక్ష్యం అని రాశాను.” బల్ల మీది పెన్నును అటూ ఇటూ జరిపింది. “కంపెనీకి నేనే రాస్తాను. రెనిక్‌ని రమ్మని నేనే అడుగుతాను. ఖర్చు వెనక్కి అడిగితే అడగనీ. మీరు రేపట్నించి రావద్దు.”

“సరే” అన్నాను.

“ముప్ఫై నాలుగేళ్ళు” అంది. ఎవరితోనో తెలియలేదు. నేను తాళాలు బల్ల మీద పెట్టాను.

మార్చి 30

ఈవెర్ట్ దగ్గరికి వెళ్ళాను. ఆవులు ఈనే రోజులు. కొట్టం దగ్గర ఒంటి చేత్తో గడ్డిమోపు కొక్కేన్ని లాగుతున్నాడు. ఎడమ చేతికి గొర్రె ఉన్ని సంచీ కట్టుకున్నాడు.

నిలబడే చెప్పాను. చలిలో నేను ఏం చేశానో, రెనిక్ ఏం చెప్పాడో, ఏడింటికే ఎందుకు వెళ్ళానో, జనవరి ఇరవైన షెడ్డులో ఏమన్నానో. తేదీలతో సహా చెప్పాను. క్షమించమని అనలేదు. అంటే ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది అతను.

కొక్కెం వదిలి ఆవుల వైపు తిరిగాడు.

“ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదు?”

“నర్సు వచ్చింది.”

“నర్సు పోయిందిగా.”

“పోయింది.”

ఉమ్మేశాడు. “నువ్వు చెప్పకపోతేనే బావుండేదిరా. రెండు నెల్లనుంచీ పొద్దున లేవగానే ఆ ఇంజన్ని తిట్టుకుంటున్నా. ఆ మిషిగన్ వాళ్ళని తిట్టుకుంటున్నా. ఎంత హాయిగా ఉండేదనుకున్నావు? ఇప్పుడు నేను దేన్ని తిట్టను?”

“నన్ను.”

“నిన్ను తిట్టడం అరవయ్యేళ్ళ నుంచీ ఉన్నదే. దాంట్లో పస లేదు.” కొక్కెం మళ్ళీ అందుకున్నాడు. “పోరా. నాకు కనపడకు.”

బండి దాకా నడిచాను. తలుపు తీశాను. వెనక కొక్కెం జారి మోపు నేల మీద పడిన చప్పుడు. మళ్ళీ ఎత్తే ప్రయత్నం. మళ్ళీ చప్పుడు. అతను పిలవలేదు. నేను వెనక్కి వెళ్ళి రెండో పక్క పట్టుకున్నాను. వదలమనలేదు. నలభై మోపులు ట్రైలర్లోకి ఎక్కించాం. అయ్యాక అతను లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆవుల ఈతలు ఇంకో ఆరు వారాలుంటాయి. రేపు రమ్మని అనలేదు. ఏడింటికి వెళ్తాను.